అరకు నుంచి అంతర్వేది దాకా: కారులో తీరిగ్గా తిరగాలంటే

కొండలు, లంకలు, సముద్రపు ఒడ్డు పల్లెలు మూడూ ఒకే ప్రయాణంలో కావాలనుకునేవాళ్లకు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలను మించిన చోటు లేదు. విశాఖలో బయల్దేరి అరకు, పాడేరు, లంబసింగి చూసుకుని నర్సీపట్నం దగ్గర కిందికి దిగాలి. గోదావరి దాటి కోనసీమలో మకాం వేసి, యానాం, కాకినాడ, ఉప్పాడ మీదుగా మళ్లీ విశాఖ చేరాలి. మొత్తం 700 కిలోమీటర్ల పైచిలుకు. దీన్ని నాలుగు రోజుల్లో చుట్టేసేవాళ్లున్నారు. చుట్టిరావడమైతే అవుతుంది కానీ చూడడం అవదు. కనీసం ఎనిమిది రాత్రులు పెట్టుకోండి: అరకులో రెండు, లంబసింగి చుట్టుపక్కల రెండు, రాజమండ్రిలో ఒకటి, కోనసీమలో రెండు, కాకినాడలో ఒకటి. ఇంకో రోజు సెలవు దొరికితే అది కోనసీమకే ఇవ్వండి.

ఫోన్లో మ్యాప్ చూపించే గంటలను నమ్మి రోజును అమర్చుకోవద్దు. కొండల్లో మీ రోజును మంచు, పొద్దు నడిపిస్తాయి. గోదావరి పాయల దగ్గర పంటు (మనుషులనూ బండ్లనూ రేవు దాటించే పెద్ద పడవ), ఆటుపోట్లు నడిపిస్తాయి. తీరంలో వేటకెళ్లిన బోట్లు ఒడ్డుకొచ్చే వేళ నడిపిస్తుంది. ఈ మూడింటికి తగ్గట్టు వేసుకున్న ప్లాన్‌లో హడావిడి ఉండదు. రోజుకు మూడు, నాలుగు గంటలకు మించి డ్రైవింగ్ పెట్టుకోవద్దు. ఘాట్‌లో సగటున గంటకు 25, 30 కిలోమీటర్లే వస్తాయి. కోనసీమ కాలువగట్ల మీద కూడా అంతే. వేగంగా పోగలిగేది 16వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రమే.

నవంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి బయల్దేరే వారంలో వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. భారీ వర్షం పడితే ఘాట్‌లో కొండచరియలు జారతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద, పంట్లు ఆగిపోతాయి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో అనంతగిరి ఘాట్, లంబసింగి రోడ్డు కార్లతో కిక్కిరిసిపోతాయి. అందుకే ఆదివారం మధ్యాహ్నం బయల్దేరండి. జనమంతా దిగుతుంటే మీరు ఎక్కుతారు, గదులూ తక్కువ ధరకు దొరుకుతాయి. సంక్రాంతికి కోనసీమ వెళ్లాలంటే మాత్రం గది నెలల ముందే పట్టుకోవాలి. కనుమ నాడు అక్కడి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను ఊరేగించే జాతర, ఆ రోజు చుట్టుపక్కల రోడ్లన్నీ జనమే.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోటలో ట్యాంకు నింపి, టైర్లలో గాలి చూసుకోండి. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. పైన అరకులో, పాడేరులో బంకులున్నా సగం ట్యాంకు కంటే కిందికి రానివ్వకపోవడమే మంచిది. పొద్దు సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. డిసెంబరు మొదట్లో ఇక్కడ సాయంత్రం ఐదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు, హైదరాబాద్ కంటే దాదాపు ఇరవై నిమిషాలు ముందు. కొండ అడ్డుంటే అంతకంటే ముందే చీకటి. సాయంత్రం నాలుగింటికల్లా ఘాట్ దాటి ఉండాలి.

ఘాట్‌లో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి దిగితే ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ పాతదైతే అందులో చేరిన తేమ మరిగి ఆవిరవుతుంది, ఆవిరికి బ్రేకును నొక్కే బలం ఉండదు. రెండేళ్లు దాటిన బ్రేక్ ఆయిల్ బయల్దేరే ముందే మార్పించాలి. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి ఇంజను పట్టుతో దిగండి, బ్రేకు అవసరమైనప్పుడు నొక్కి వదలండి. ఆటోమేటిక్ కారైతే మాన్యువల్ మోడ్‌లోకో, ‘ఎల్’లోకో మార్చుకోవాలి. వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకు ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం పోయకూడదు, వేడి డిస్కు వంకరపోతుంది. ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకుతో పాటు గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి.

మలుపు దగ్గర ఎదురుగా ఆర్టీసీ బస్సు కనిపిస్తే మలుపులోకి దూరకుండా ముందే ఆగిపోవాలి. బస్సు తిరగడానికి రోడ్డంతా కావాలి, వెనక భాగం మీ వైపుకు ఊగుతుంది. ఎక్కే బండికే ఎప్పుడూ దారి. మంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మనవాళ్లకు అలవాటు. అలా చేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు తెలియదు. అద్దానికి లోపల ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి, ఒక్క నిమిషంలో పోతుంది.

అరకులో రెండో రోజు కారు ఎక్కువ తీయొద్దు. బొర్రా గుహలు దారిలోనే చూసేయొచ్చు, పొద్దున్నే అయితే క్యూ ఉండదు. ఇక్కడ తీరిగ్గా చూడాల్సింది కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, అవే చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా పండిన ఎర్ర కాయలను చేత్తో ఏరి కోస్తుంటారు. తోటలోకి అడగకుండా వెళ్లకూడదు, మనుషులను అడగకుండా ఫొటో తీయకూడదు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల పని.

అరకు నుంచి పాడేరు దాదాపు 45 కిలోమీటర్లు. పాడేరు దగ్గర వంజంగి కొండ కింద కారు ఆపి తెల్లవారకముందే నడిచి ఎక్కాలి, టార్చి తప్పనిసరి. పైనుంచి కనిపించే మేఘాల సముద్రం రోజూ ఉండదు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే చల్లటి గాలి లోయలోకి దిగి మంచుగా పేరుకుంటుంది. మబ్బు పట్టిన రాత్రో, గాలి వీచిన రాత్రో అయితే మర్నాడు ఏమీ ఉండదు. లంబసింగిలోనూ ఇదే లెక్క, ఎనిమిదిన్నర దాటితే మంచు తేలిపోతుంది. రెండు రాత్రులు ఉండమనేది ఇందుకే, ఒక పొద్దు తప్పినా ఇంకోటి ఉంటుంది. మిగతా పగలు తాజంగి చెరువు గట్టున గడిపేయొచ్చు. దోమల మందు మర్చిపోవద్దు, మన్యంలో మలేరియా ఉంది. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ముందే ఫోన్లోకి దింపుకోవాలి. కిందికి దిగే దారుల్లో గంజాయి తనిఖీలు మామూలే. డిక్కీ తెరిచి చూపించండి. దారిలో ఎవరో ఇచ్చిన సంచీ, పార్శిలూ మాత్రం ఎక్కించుకోవద్దు.

ఇక్కడే చాలామంది మారేడుమిల్లిని కూడా ఇరికిస్తారు. వద్దు. కొయ్యూరు, అడ్డతీగల మీదుగా ఆ అడవి దారిలో ఒక పూర్తి రోజు పోతుంది, పైగా అక్కడ మళ్లీ కొండలే. దాన్ని రాజమండ్రి నుంచి వేరే వారాంతానికి ఉంచుకోండి. లంబసింగి నుంచి నర్సీపట్నం దిగి, తుని దగ్గర జాతీయ రహదారి ఎక్కి, మధ్యాహ్నానికి అన్నవరం చేరితే సరిపోతుంది. విస్తరాకులో కట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం వేడిగా ఉండగానే తినాలి. ఈ ప్రయాణంలో పొడుగు రోజు ఇదొక్కటే, రాత్రికి రాజమండ్రిలో ఆగిపోవాలి.

మర్నాడు రావులపాలెం దాకా హైవే మీద పోకుండా ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దిగి ఆత్రేయపురం వైపు వెళ్లండి. ఎడమా కుడీ నీళ్లు, మధ్యలో లంకలు. 1852 నాటికి కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట లేకపోతే ఈ డెల్టాకు ఈ పచ్చదనం లేదు. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ పరిచి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. పూతరేకులు అలా వేసేచోటే కొనండి. పెట్టెను డిక్కీలో బ్యాగుల కింద పెడితే సాయంత్రానికి పొడి మిగులుతుంది, ఒళ్లోనో వెనక సీటు మీదో ఉంచాలి.

కోనసీమంటేనే గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న పెద్ద లంక, మధ్యలో వైనతేయ అనే పాయ ఇంకోసారి చీలుస్తుంది. దిండి దగ్గరో, రాజోలు దగ్గరో మకాం పెట్టుకుంటే అంతర్వేది, అప్పనపల్లి, ఓడలరేవు అన్నీ దగ్గర్లోనే. కాలువగట్ల రోడ్లకు పిట్టగోడలుండవు, ఒక కారు పట్టేంత వెడల్పే. ఎదురు బండి వస్తే రోడ్డు దిగకముందు మట్టి గట్టిదో కాదో చూసుకోవాలి, వానకు తడిసిన గట్టు చక్రం కింద జారుతుంది. నవంబరు, డిసెంబరు కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద బ్రేకు వేస్తే కారు జారుతుంది. గడ్డి పరిచి ఉంటే పక్కనుంచి పొండి, సైలెన్సరుకు చుట్టుకుంటే వేడికి అంటుకుంటుంది. నీడ బాగుందని కొబ్బరి చెట్టు కింద మాత్రం కారు పెట్టొద్దు. ఒక్క కాయ పడితే అద్దం పోతుంది, లేదా టాపు సొట్టపోతుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు మీద వసిష్ఠ దాటి నరసాపురం వెళ్లిరావడం పిల్లలకు బాగా నచ్చుతుంది. చించినాడ వంతెన ఉంది కాబట్టి అవసరం లేదు, అయినా ఒకసారి ఎక్కాల్సిందే. నీళ్లు తగ్గిన వేళ రేవు నుంచి పంటు మీదికి వాలు ఎక్కువవుతుంది, కింది భాగం ఎత్తు తక్కువున్న కార్లకు ముందు బంపర్ రాసుకుంటుంది. మనుషులను దించేసి, డ్రైవరొక్కడే మొదటి గేరులో ఆగకుండా నెమ్మదిగా ఎక్కించాలి. ఎక్కాక హ్యాండ్ బ్రేకు, గేరు రెండూ. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు, మర్నాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ మధ్య నీటి మట్టంలో తేడా ఇంకా ఎక్కువ. రేవులో అడిగితే ఆ రోజు వేళ చెబుతారు.

ఇదే లెక్క కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకూ పనికొస్తుంది. పోటు ఉన్నప్పుడు బోటు పాయల్లోకి దూరుతుంది, నీళ్లు తీసేస్తే బురదలో ఆగిపోతుంది. నీళ్లు తగ్గిన వేళ చెక్కల వంతెన మీద నడవండి, మడ వేళ్ల మధ్య బురదలో పీతలు, గెంతే చిన్న చేపలు కనిపించేది అప్పుడే. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్‌కు అటవీశాఖ అనుమతి ఉన్న బోటులోనే వెళ్లాలి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. యానాం పుదుచ్చేరిలో భాగం, పెట్రోలు ఆంధ్ర కంటే తక్కువకు వస్తుంది. అక్కడి మద్యం సీసాలు మాత్రం కారులో పెట్టుకుని చెక్‌పోస్టు దాటబోవద్దు.

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు సముద్రం కోతకు తరచూ దెబ్బతింటుంది. కెరటాలు ఎక్కువున్న రోజు మూసేస్తారు, అప్పుడు పిఠాపురం మీదుగా తిరిగి రావాలి. ఉప్పాడలో జాందానీ చీరలు నేసే మగ్గాలు పగలు నడుస్తాయి, బోట్లు ఒడ్డుకొచ్చేది పొద్దున్నే. కాబట్టి ముందు ఒడ్డు, తర్వాత మగ్గం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ మరబోట్లు కదలవు. ఆరబెట్టిన వలల మీదుగా కారు పోనివ్వొద్దు, ఒక్క చక్రానికే తెగిన వల బాగుచేయడానికి రోజులు పడుతుంది.

కారును ఇసుకలోకి దించకండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కడం ఆపండి, తొక్కేకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుని కారు బొడ్డు మీద కూర్చుంటుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, చక్రాల ముందు ఇసుక తీసి కొబ్బరి మట్టలు పరిచి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి తీయాలి. రోడ్డెక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, అందుకే 12 వోల్టుల చిన్న పంపు వెంట ఉండాలి. విశాఖ దాకా ఉన్న తీరమంతా ఈతకు ప్రమాదమే, కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి.

తుని నుంచి విశాఖ సుమారు 100 కిలోమీటర్లు. దారిలో అడ్డరోడ్డు దగ్గర పక్కకు తిరిగితే ఏటికొప్పాక, అంకుడు కర్రను లక్కతో మెరిపించే బొమ్మల ఊరు. మధ్యాహ్నం ఎండలో కారు అద్దం దగ్గర బొమ్మలు పెట్టొద్దు, లక్క మెత్తబడుతుంది. ఇంటికి చేరిన రెండు రోజుల్లో కారు కింది భాగం మంచినీళ్లతో గట్టిగా కడిగించండి. చక్రాల లోపలి అంచులు, సైలెన్సరు బిగింపులు, బ్రేకు గొట్టాలు ఉన్నచోట ఉప్పు నిలిచి తుప్పు పడుతుంది. కడిగాక కారును అలాగే నిలబెట్టకుండా పది నిమిషాలు నడిపి, బ్రేకులు నాలుగైదు సార్లు నొక్కి ఆరనివ్వండి. బ్రేకు ప్యాడ్ల మందం కూడా అప్పుడే చూపించుకోండి.