భువనగిరి గుట్ట మీద ఎండా, గాలీ

మాఘమాసం, ఆదివారం

చలి పూర్తిగా పోలేదు గానీ మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. గుట్టలెక్కడానికి ఇవే మంచి రోజులు. పదో తరగతి చదివే మేనల్లుణ్ని బండి వెనక కూర్చోబెట్టుకుని, తెల్లారకముందే నల్లగొండ నుంచి భువనగిరికి బయల్దేరాను.

మూసీ దగ్గర రోడ్డు పల్లంలోకి దిగగానే చేతులు కొంకర్లు పోయాయి. వంతెన దాటి మిట్టెక్కితే కాస్త నయం. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి, బరువెక్కి, పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. తెల్లవారుజామున పైకి పోయినకొద్దీ చలి పెరగాలనేం లేదు.

కోట పైకి చేరేసరికి పన్నెండు దాటింది. "పైకొస్తే సూర్యునికి దగ్గరైతం గదా మామా, మరి చల్లగెందుకుంటది?" అన్నాడు. నాకెంతో ఇష్టమైన ప్రశ్న! ఎండ ముందు నేలను కాస్తుంది, నేల గాలిని కాస్తుంది. ఆ గాలి పైకి లేచినకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, అందుకు తన వేడినే ఖర్చుపెట్టుకుంటుంది. సగటున 1,000 మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది.

వాడు లెక్క కట్టాడు. గుట్ట దాదాపు 500 అడుగులు, అంటే 150 మీటర్లు. "ఒక్క డిగ్రీయేనా!"

అంతే మరి. ముఖానికి తగిలిన హాయంతా గాలి విసురుది, చెమట ఆరడంది.

"ఈ బండకు చెయ్యి ఆనించు" అన్నాను. ఎండ పడే నల్లటి చార మీద పెట్టి చటుక్కున తీసేశాడు. మూరెడు దూరంలో, గోడ నీడలో, అదే రాయికి పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. ఒకే ఎత్తు, ఒకే గాలి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును నేల మీద పెట్టకుండా, గాలాడే తెల్లటి పెట్టెలో మనిషి ఛాతీ ఎత్తున ఉంచేది ఇందుకే.

హిమాలయాల్లో ఈ తేడా ఇంకా పెద్దది. గాలి పలుచన, ఎండ తీక్షణం. గాలి గడ్డకట్టే చలిలో ఉన్నా దక్షిణపు వాలు రాయి వెచ్చబడుతుంది, ఉత్తరపు వాలు మీద మంచు కదలదు. అక్కడి మొక్కలు నేలను కరుచుకుని గుబుర్లుగా పెరుగుతాయి. బెత్తెడు ఎత్తులో వాటికి దొరికే వెచ్చదనం మనిషి తలెత్తున ఉండదు.

వేసవి సెలవుల్లో వాణ్ని మన్ననూరు తీసుకుపోవాలి. నల్లమలలో ఎత్తుకు తోడు చెట్ల నీడా ఉంది. నేలకొకటి, గాలికొకటి, రెండు థర్మామీటర్లు కొనమన్నాడు. కొంటాను.