సీసాలో మొలిచిన జీవకం

చ్యవనప్రాశలో చేరే అష్టవర్గమనే ఎనిమిది మూలికల్లో జీవకం ఒకటి. హిమాలయ సానువుల్లో నీడపట్టున, ఆకుమట్టిలో పెరిగే ఈ నేల ఆర్కిడ్‌ను శాస్త్రజ్ఞులు మలాక్సిస్ అక్యుమినాటా అనేవారు, ఇప్పుడు క్రెపిడియం అక్యుమినాటం అంటున్నారు. మందుకు పనికివచ్చేది దుంప. దాన్ని తవ్వితే మొక్కే పోతుంది. అష్టవర్గం రాజులకు సైతం దుర్లభమని, జీవకానికి బదులు విదారికందమనే మరో దుంపను వాడుకోవచ్చని 16వ శతాబ్దంలోనే ఆయుర్వేద పండితుడు భావమిశ్రుడు రాశాడంటే, ఈ కొరత నిన్నటిది కాదు.

రెండేళ్లుగా నేను ఈ మొక్కను విత్తనం నుంచి పెంచుతున్నాను. ఒక్కో కాయలో వేల గింజలుంటాయి, కానీ ఆ దుమ్ములాంటి గింజలో పిండం తప్ప దానికి కావలసిన తిండి ఉండదు. అడవిలో ఒక శిలీంధ్రం లోపలికి చొచ్చుకొని ఆహారం అందిస్తేనే అది మొలకెత్తుతుందని 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ గ్రహించాడు. శిలీంధ్రం లేకపోయినా చక్కెర కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపాడు. మేము చేసేదీ అదే.

కాయ పగలకముందే, పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి. అప్పుడు లోపలి గింజలకు సూక్ష్మజీవులు అంటవు కనుక కాయ పైభాగాన్ని శుద్ధి చేస్తే చాలు. హైపోక్లోరైట్ ద్రావణంలో కడిగి, స్పిరిట్‌లో ముంచి, మంటకు చూపి, వడకట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ ఫ్లో కింద చీల్చి గింజలను సీసాల్లో చల్లుతాము. మొదటి ఏడాది ఒక కాయ కొనన ఉన్న వెంట్రుకవాసి చీలికను నేను గమనించలేదు. పిండానికి పెట్టిన చక్కెర బూజుకు మరింత రుచించింది. వారం తిరిగేసరికి ఆ విడత సీసాలన్నీ పారబోశాము.

మొలకెత్తడం కంటే సీసా దాటించడమే కష్టం. సీసాలోని తేమకు అలవాటుపడిన లేత ఆకులు బయటి గాలికి వాడిపోతాయి. వేళ్లకు అగార్ మిగిలితే కుళ్లు పడుతుంది. అందుకే వేళ్లను శుభ్రంగా కడిగి, నాచు, బొగ్గు, ఆకుమట్టి కలిపిన కుండీల్లో నాటి, పైన కప్పిన పాలిథిన్ సంచికి కొన్నాళ్లకొకటి చొప్పున రంధ్రాలు పెడతాము.

ఇంత చేసినా శీతాకాలం రాగానే ఒక ట్రేలో ఆకులన్నీ పండి రాలిపోయాయి. చచ్చిపోయాయనుకొని ట్రేను బోర్లించబోతూ, ఎందుకో వేలితో మట్టి కదిపి చూస్తే, బఠాణీ గింజంత దుంప పచ్చగా, గట్టిగా తగిలింది. జీవకం చలికాలమంతా నిద్రపోతుందని చదివినదాన్నే, చేతిలో ట్రే పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తురాలేదు. అప్పటినుంచి సీసాల్లోని మొలకల సంఖ్యను నివేదికలో వేసినా, నా సొంత నోటుపుస్తకంలో మాత్రం మరుసటి వానలకు మళ్లీ ఆకు తొడిగిన కుండీలనే లెక్కిస్తున్నాను.