వారియర్ బాయిలర్ గదిలో ఒక పూట

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ రేవులో పాత యుద్ధనౌకలను ప్రదర్శనకు ఉంచారు. అక్కడికి వెళ్లే మనవాళ్లు విక్టరీ చూసి, మేరీ రోజ్ చూసి, టైమ్ మిగిలితే ఆవిరితోనూ తెరచాపలతోనూ నడిచిన ఇనుప నౌక వారియర్ ఎక్కుతారు. నేను వారియర్‌తోనే మొదలుపెట్టాను. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి వచ్చే రైలు హార్బర్ స్టేషన్‌లో ఆగితే ముందు కనిపించేది ఈ నౌకే కాబట్టి దారి వెతుక్కునే పని లేదు. టికెట్ మాత్రం బరువే, రైలు ఛార్జీ అదనం. పిల్లలతో వచ్చే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. అంత పెట్టి వచ్చినవాళ్లు పై డెక్ మీద ఫొటోలు దిగి, ఫిరంగుల మధ్య ఓ చుట్టు తిరిగి వెళ్లిపోతుంటే బాధేసింది. అసలు సరుకంతా అడుగున ఉంది.

ఫిరంగుల దగ్గర ఒకాయన తన కొడుక్కి ఫ్రిగేట్ అంటే చిన్న యుద్ధనౌక అని చెబుతున్నాడు. 1860 డిసెంబర్ 29న థేమ్స్ ఒడ్డున బ్లాక్‌వాల్‌లో నీళ్లలోకి దిగిన ఈ నౌక 420 అడుగుల పొడవు, 9,000 టన్నుల పైచిలుకు బరువు. పక్కలకు నాలుగున్నర అంగుళాల ఇనుప పలకలు, వాటి వెనక 18 అంగుళాల టేకు. ఆ రోజుకి దీన్ని ఎదిరించగల యుద్ధనౌక సముద్రం మీద లేదు. అయినా ఫ్రిగేటే. అప్పట్లో తరగతి తేల్చేది బరువు కాదు, ఫిరంగుల అంతస్తులు. పైకప్పు లేని డెక్ కింద పూర్తి ఫిరంగుల అంతస్తు ఒక్కటే ఉంటే ఫ్రిగేట్ కిందే లెక్క.

నిచ్చెనలు దిగి బాయిలర్ల దగ్గరికి వెళ్లాక మళ్లీ పైకి రాబుద్ధి కాలేదు. పది బాయిలర్లు, ఒక్కోదానికి నాలుగు పొయ్యిలు, మొత్తం నలభై. ప్రతి పొయ్యికీ పారతోనే బొగ్గు వేయాలి, బూడిద లాగాలి. ఇంత చేసినా ఆవిరి పీడనం చదరపు అంగుళానికి 20 పౌండ్ల చిల్లరే. పెంచలేకపోవడానికి కారణాలు రెండు. బాయిలర్లు పెట్టెల్లా చదును గోడలవి, పీడనం పెరిగితే ఉబ్బిపోతాయి. రెండోది ఉప్పు. వాడేసిన ఆవిరిని తిరిగి నీళ్లు చేసేది కండెన్సర్. ఆ కాలపు జెట్ కండెన్సర్‌లో ఆ ఆవిరి మీదికి నేరుగా సముద్రపు నీళ్లు చిమ్మేవాళ్లు. ఆ కలిసిన నీళ్లే తిరిగి బాయిలర్‌లోకి వెళ్లేవి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్టు లోపల తెల్లగా పొర కట్టేది. వేడి పెరిగేకొద్దీ ఆ పొర ఇంకా గట్టిగా పడుతుంది, లోహం కాలిపోతుంది. అందుకే చిక్కబడిన ఉప్పునీళ్లను మధ్యమధ్య సముద్రంలోకి వదిలేయాలి. వాటితోపాటు బొగ్గు ఖర్చుపెట్టి పుట్టించిన వేడీ పోతుంది. 850 టన్నుల బొగ్గు ఎత్తుకున్నా దూరప్రయాణానికి తెరచాపలు తప్పలేదు. తెరచాపల మీద వెళ్లేటప్పుడు ప్రొపెల్లర్ నీటిని అడ్డుకోకుండా దాన్ని వందల మంది తాళ్లతో పైకి లాగేవాళ్లు, పొగగొట్టాలను ఒకదాంట్లో ఒకటి దూర్చి కిందికి దించేవాళ్లు.

పక్కనే పెన్ కంపెనీ ట్రంక్ ఇంజన్. రెండు సిలిండర్లూ అడ్డంగా పడుకుని ఉంటాయి, వ్యాసం 112 అంగుళాలు, స్ట్రోక్, అంటే పిస్టన్ ఒకసారి కదిలే దూరం, నాలుగడుగులే. పిస్టన్‌కు బోలు గొట్టం తగిలించి, పిస్టన్ కదలికను ఇరుసుకు అందించే కనెక్టింగ్ రాడ్‌ను ఆ గొట్టంలోంచే నేరుగా పిస్టన్‌కు కలిపారు. దాంతో ఇంజన్ పొట్టిదై, గుండ్లు తగలకుండా నీటిమట్టం కిందే ఇమిడింది. దీనికి ఇబ్బందులూ ఉన్నాయి. గొట్టం ప్రతి స్ట్రోక్‌కీ బయటి గాలికి చల్లారి, లోపలికి వెళ్లగానే ఆవిరిని నీళ్లు చేస్తుంది. అంత లావు గొట్టం చుట్టూ ప్యాకింగ్‌లోంచి ఆవిరి కారుతుంది. పిస్టన్ బరువంతా కింది వైపే పడి సిలిండర్ ఒకవైపే అరుగుతుంది. ఇన్ని ఉన్నా ట్రయల్స్‌లో 5,267 హార్స్‌పవర్ ఇచ్చి నౌకను 14 నాట్లు దాటించింది. ఇప్పుడు కనిపించేది పునరుద్ధరణలో కొత్తగా చేసి పెట్టినది, కరెంటు మోటారుతో మెల్లగా తిరుగుతుంది. కనెక్టింగ్ రాడ్ కదలిక అర్థం కావాలంటే ఆ మెల్లదనమే మేలు.

పేరు సంగతి దీనికన్నా విచిత్రం. నౌకాదళంలో ఒక పేరు ఒకేసారి రెండు నౌకలకు ఉండదు. క్రూయిజర్ రకం కొత్త యుద్ధనౌకకు వారియర్ పేరు కావాల్సి వచ్చి 1904లో దీన్ని వెర్నన్ త్రీ అన్నారు. ఆ క్రూయిజర్ 1916లో, మొదటి ప్రపంచయుద్ధపు జట్లాండ్ నౌకాయుద్ధం తర్వాత మునిగిపోయింది. 1923లో పేరు తిరిగొచ్చినా, 1942లో విమానవాహక నౌక కోసం మళ్లీ లాక్కుని సీ77 అనే నంబరు మిగిల్చారు. 1929 నుంచి యాభై ఏళ్లు వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో చమురు నింపే తెప్పగా పడి ఉంది.

మన దగ్గర పేరు తర్వాతి నౌకకు వారసత్వంగా వెళుతుంది. 1976లో మన నౌకాదళంలో చేరిన ఉదయగిరి, లియాండర్ అనే బ్రిటిష్ తరగతి నమూనా ఫ్రిగేట్. రెండు బాయిలర్లు, 550 పౌండ్ల పీడనం, 30,000 హార్స్‌పవర్. బ్రిటన్‌లో ఈ తరగతికి ఎక్కువగా గ్రీకు పురాణాల పేర్లు పెడితే మనవాళ్లు కొండల పేర్లు పెట్టారు. 2025 ఆగస్టు 26న విశాఖలో చేరిన కొత్త ఉదయగిరి కూడా ఆంధ్ర కొండల పేరుదే, కానీ దాన్ని నడిపేవి డీజిళ్లు, గ్యాస్ టర్బైన్లు. చల్లారిన బాయిలర్లలో ఆవిరి లేపడానికి పాతదానికి గంటలు పట్టేది. గ్యాస్ టర్బైన్‌కు నిమిషాలు చాలు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే, జనం పెరగకముందే, నేరుగా అడుక్కి దిగండి. నిచ్చెనలు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైన ఫిరంగుల దగ్గరే కూర్చోబెట్టడం మంచిది.