ఏ ముఖం పెట్టుకుని బల్లకు వెళ్లను?

మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు భోజనం. వాక్యం అయ్యాక, పాస్టరు అయ్యగారు తెల్లబట్ట కప్పిన బల్ల దగ్గరకు వచ్చేలోపు ఒక పాట పాడతాం. ఆ పాట సాగుతుండగానే కొందరు నెమ్మదిగా లేచి, బయట చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతారు. 14 నెలలు అలా లేచి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంట్లో చేతికి డబ్బు ఆడని రోజుల్లో, మా తోడికోడలికి అందాల్సిన చీటీ డబ్బు నేను వాడేసుకున్నాను. అత్తయ్య అడిగితే తోడికోడలికే ఇచ్చేశానన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను. కొన్ని నెలలపాటు ఇంట్లో అందరూ ఆమెనే అనుమానంగా చూశారు. చివరికి నిజం నా నోటితోనే ఒప్పుకుని, డబ్బు కట్టేశాను. ఆమె క్షమించింది. దేవుని ముందు ఏడ్చాను, ఆయన క్షమించాడని నమ్మాను కూడా. అయినా బల్ల అనేసరికి కాళ్లు గుమ్మం వైపే లాగేవి.

మన భాషలో సిగ్గంతా ముఖం మీదే ఉంటుంది. ముఖం చెల్లడం లేదంటాం, మొహం చాటేశాడంటాం, ఏ ముఖం పెట్టుకుని వెళ్లనంటాం. 34వ కీర్తనలోనూ ఆ మాటే ఉంది: "వారు ఆయనతట్టు చూడగా వారికి వెలుగు కలిగెను, వారి ముఖములెన్నడును లజ్జింపకపోవును." ఈ వచనం చిన్నప్పుడే కంఠతా పట్టాను. కానీ తల ఎత్తలేనివాళ్లు ఆయనతట్టు ఎలా చూస్తారో నాకు తెలిసేది కాదు. దానికి జవాబు యోహాను సువార్త 21వ అధ్యాయంలో, సముద్రపు ఒడ్డున దొరికింది.

ఆ అధ్యాయం చదవాలంటే ముందు 18వ అధ్యాయంలో యేసును పట్టుకెళ్లిన రాత్రి గుర్తుండాలి. ప్రధానయాజకుని ఇంటి ముంగిట చలి. దాసులు, బంట్రౌతులు మంట వేసి చలి కాచుకుంటున్నారు. యేసు శిష్యుడైన పేతురు కూడా వాళ్ల మధ్య నిలబడి, యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నాడు. కోడి కూసింది. అప్పుడు ప్రభువు తిరిగి పేతురువైపు చూశాడని లూకా తన సువార్తలో రాశాడు. పేతురు వెలుపలికి పోయి సంతాపపడి ఏడ్చాడు.

ఇక్కడ మన తెలుగు బైబిల్లో కనబడకుండా పోయిన మాట ఒకటుంది. 18వ అధ్యాయంలో "మంట" అని చదువుతాం, 21వ అధ్యాయంలో ఒడ్డున "నిప్పులు" ఉన్నాయని చదువుతాం. గ్రీకులో రెండు చోట్లా ఒకే మాట, అంత్రాకియా. అంటే బొగ్గుల నిప్పు. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడా లేదు. ఇది తెలిసిన రోజు బైబిలు మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. తాను ఎరగనని చెప్పిన రాత్రి వచ్చిన ఆ బొగ్గుల వాసనే కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున మళ్లీ పేతురు ముక్కుకు తగిలి ఉంటుంది. ఈసారి ఆ నిప్పు వేసినవాడు చనిపోయి తిరిగి లేచిన యేసు.

ఆయన ఆ నిప్పు ఎందుకు వేశాడు? పేతురును పొడవడానికా? ఆ నిప్పుల మీద చేప ఉంది, రొట్టె ఉంది. రాత్రంతా వల వేసి ఏమీ దొరకక అలసిపోయిన పేతురుకు, తోటి శిష్యులకు అల్పాహారం సిద్ధంగా ఉంది. ఆయన చెప్పిన వైపు వల వేశాక 153 గొప్ప చేపలు పడ్డాయి, కానీ ఆయన వాటికోసం ఎదురుచూడలేదు. ఆయన దగ్గర చేప ముందే కాలుతోంది. ముందు పిలిచాడు: "రండి, భోజనము చేయుడి." ప్రశ్నలు భోజనం అయ్యాకే. ఈ వరుస నాకు ప్రాణం. నేనైతే ముందు నిలదీసి, ఆ తర్వాతే అన్నం పెట్టేదాన్ని.

పేతురు తీరూ చూడండి. ఒడ్డున ఉన్నది ప్రభువని తెలియగానే పైబట్ట వేసుకుని నీళ్లలో దూకాడు. దరి ఇన్నూరు మూరల దూరంలోనే ఉంది, అంటే సుమారు 90 మీటర్లు. పడవ చేరేదాకా ఆగలేకపోయాడు. సిగ్గుపడ్డవాడు సాధారణంగా దూరం జరుగుతాడు, ఇతను మాత్రం ఎదురెళ్లాడు. అంతకుముందే సమాధి దగ్గర స్త్రీలకు అందిన కబురు, ఆయన శిష్యులతోను "పేతురుతోను" చెప్పండి అన్న కబురు, ఇతని చెవిన పడే ఉంటుందని నేననుకుంటాను. పేరు పెట్టి పిలిచినవాడి దగ్గరకు పరుగెత్తాలనే అనిపిస్తుంది.

అలాగని యేసు ఆ రాత్రిని మరుగున పెట్టలేదు. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు. "వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?" అందరూ నిన్ను విడిచినా నేను విడవనని పేతురు అంతకుముందు గొప్ప చెప్పుకున్న చోటే వేలు పెట్టాడు. మూడోసారికి పేతురు బాధపడ్డాడు. మందు వేసేటప్పుడు పుండు మండుతుంది. కానీ ప్రతి జవాబు తర్వాతా ఆయన అతని చేతిలో ఒక పని పెట్టాడు: నా గొఱ్ఱెపిల్లలను మేపుము, నా గొఱ్ఱెలను కాయుము. ఇంకెప్పుడూ అలా చేయనని మాట ఇవ్వమనలేదు. తన ప్రాణమైన మందనే అప్పగించాడు.

పేతురు ఎరగనన్న ఆ రాత్రి తెల్లవారాక, యేసును పట్టించిన యూదా కూడా తప్పు ఒప్పుకున్నాడు, పాపం చేశానని యాజకుల దగ్గర చెప్పుకున్నాడు. వాళ్లు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. కన్నీళ్లతో వచ్చినవాళ్లకు మన సంఘాల్లో ఈ మాట వినబడినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది.

బల్ల దగ్గర మనల్ని ఆపే మాట 1 కొరింథీయులు 11వ అధ్యాయంలో ఉంది: ఆ రొట్టెను "అయోగ్యముగా" తినేవాడు అపరాధి అని. నన్నూ అదే ఆపింది. కానీ ఐదారు వచనాలు వెనక్కి వెళితే ఆ ఉత్తరం రాసిన పౌలు ఎవరిని గద్దిస్తున్నాడో కనబడుతుంది. కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టారు. "పేదలను సిగ్గుపరచుదురా?" అని అడుగుతున్నాడు. బల్ల దగ్గర మనిషిని సిగ్గుపరచినవాళ్లకు రాసిన మాటను మనం సిగ్గుతో చితికినవాళ్లను ఆపడానికి వాడుకుంటున్నాం. 28వ వచనం కూడా పరీక్షించుకోమన్న చోట ఆగలేదు. పరీక్షించుకుని, "ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అంది.

గలిలయ సముద్రం ఒడ్డున టబ్గా అనే చోట 1933లో కట్టిన చిన్న నల్లరాతి గుడి ఉంది. యేసు ఆ ఉదయం శిష్యులకు తిండి పెట్టింది దాని లోపలున్న బండ మీదేనని సంప్రదాయం. ఆ బండను లాటిన్‌లో "మెన్సా క్రిస్తి" అంటారు. తెలుగులో చెప్పాలంటే క్రీస్తు బల్ల.

15వ నెల మొదటి ఆదివారం పాట మొదలైనప్పుడు నేను లేచాను, కానీ గుమ్మం వైపు కాదు. చెంగు తలమీద సర్దుకుని ముందుకు నడిచాను. మా తోడికోడలు ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఏమీ అనలేదు. పక్కన పెట్టుకున్న బైబిలు సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, కాస్త జరిగింది.