చేతికుట్టు నోటు పుస్తకాలు: కుట్టు కుదిరింది, ఇక లెక్కలు

ముందు పని సంగతి. ఏ5 సైజులో 160 పేజీల పుస్తకానికి 40 ఏ4 కాగితాలు పడతాయి. నాలుగేసి కలిపి మడిస్తే 10 ఫారాలు, అంటే మడత కట్టలు. దబ్బనంతో బెజ్జాలు వేసి, మైనం పట్టించిన దారంతో కుడతాను. కాగితం చెన్నై ప్యారీస్‌లోని ఆండర్సన్ వీధిలో, అట్ట మీదికి నూలుబట్ట గోడౌన్ వీధిలో కొంటాను. కాగితంలోని పీచు పుస్తకం వెన్ను వెంబడి నిలువుగా వచ్చేలా కాగితం కోసి ఇమ్మని దుకాణంలోనే చెప్పాలి. అడ్డంగా వస్తే మడత పగులుతుంది, పుస్తకం పరుచుకుని తెరుచుకోదు.

ఇప్పుడు అసలు కథ. పెరంబూరులో ఉండే మా పిన్ని ఒక కంపెనీలో గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. నా ఖర్చుల కాగితం చూసి, "దారం ఎంత పట్టిందో రాశావు, నీ గంటకు ఎంతో రాయలేదేం?" అంది. సరుకుకు 110, రెండు గంటల కూలి గంటకు 100 చొప్పున 200, మొత్తం 310. ఆ అంకె కళ్లెదుట ఉంటే పని పద్ధతే మారుతుంది. ఇప్పుడు మడతలన్నీ ఒక పూట, బెజ్జాలన్నీ ఇంకో పూట. పుస్తకానికి గంటంబావు చాలుతోంది. ధర 350 పెట్టాను, బేరం లేదు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు కోసం చేసుకునే ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బు తీసుకుని చేసిపెడతామనే వాళ్ల జోలికి పోవద్దు. ఆ నంబరు ఎందుకంటారా? ఒక సంస్థ ఉద్యోగులకు బహుమతులుగా పుస్తకాలు తీసుకుని, డబ్బు మూడు నెలలకు ఇస్తామంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా లెక్కగట్టి. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆదాయపు పన్ను నిబంధన వల్ల, గడువులో చెల్లించని మొత్తాన్ని కొన్నవారు నిజంగా చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. ఇది చెబితే ఏ అకౌంట్స్ విభాగమైనా చెవి ఒగ్గుతుంది.

అయితే చట్టం మన పక్షాన ఉండాలంటే కాగితం మన చేతిలో ఉండాలి. సరుకు దించిన రోజే చలానా మీద తేదీ వేయించి సంతకం తీసుకున్నాను. బిల్లు మీద వరుస నంబరు, ఉద్యమ్ నంబరు, గడువు తేదీ వేశాను. మర్యాదగా ఒక ఈమెయిలు పంపాను. డబ్బు వచ్చింది. అది ఇంటి ఖాతాలో కలవకుండా వేరే ఖాతాలో పడింది.

నేను కుట్టినవాటిలో సొంతానికి వాడుకునేది ఒక్కటే, చిట్టా పుస్తకం. రోజూ రాత్రి 10 నిమిషాలు చాలు. బిల్లులు రాయడానికి ఓపిక లేదనే కుర్రవాళ్లు దబ్బనం పట్టే ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకుంటారో నాకు అర్థం కాదు.

ఈ నెల పని: మిగిలిన బట్ట, అట్టల నిల్వ పట్టీ రాయడం, గీతలున్న కాగితం ధర కనుక్కోవడం.