మా పాపకి న్యుమోనియా, మా ఇంట్లో యాంటీబయాటిక్ పంచాయితీ

పిల్లకి జ్వరం వస్తే మా ఇంట్లో ఒక్కరికి కాదు, అందరికీ వచ్చినట్టే. పాపకి ఒళ్లు కాలుతుంటుంది, మా అమ్మకి భయం, మా ఆవిడకి సోమవారం డ్యూటీకి ఎట్లా వెళ్లాలన్న టెన్షన్, ఇద్దరి మధ్యలో నాకు తలనొప్పి. వీటన్నిటికీ కలిపి అడిగే మందు మాత్రం ఒకటే, యాంటీబయాటిక్. పోయిన చలికాలమంతా మా ఇంట్లో ఇదే పంచాయితీ. ఒకసారి వద్దనుకుని ఇవ్వలేదు, ఇంకోసారి అది ఇవ్వకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. అందుకే రాస్తున్నా.

మేం ఉండేది హనుమకొండలో. పాపకి ఏడాదిన్నర. ప్లే స్కూల్‌లో వేసినప్పటి నుంచి ముక్కు ఆరిన రోజు లేదు. మా ఆవిడ ఒక ప్రైవేట్ స్కూల్‌లో టీచర్, సెలవు పెడితే జీతం కోత. ప్లే స్కూల్ వాళ్లేమో జ్వరముంటే పంపొద్దంటారు, వాళ్లనేదీ న్యాయమే. సర్ది చేసేది వైరస్ అని, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదని మా ఆవిడకి నాకంటే బాగా తెలుసు. తెలిసినా ఆదివారం రాత్రి పిల్ల ఒళ్లు పట్టుకుని చూసి "ఒక్క కోర్సు వేసేద్దాం, ఏం కాదు" అంటుంది. తెలియక అడిగే వాళ్లకి చెప్పొచ్చు. తెలిసీ సెలవు దొరకక అడిగే మనిషికి ఏం చెప్తాం?

అమ్మ సంగతి వేరు. ఆమెది పరకాల దగ్గర పల్లె. ఆమె తమ్ముడొకడు పాలు తాగే వయసులోనే డొక్కలెగరేసే జబ్బుతో పోయాడు. అప్పట్లో ఆ జబ్బుకి ఊళ్లో తెలిసిన వైద్యం వాతలు పెట్టడమే, ఇనుప కడ్డీ కాల్చి పసిపిల్లల పొట్ట మీద పెట్టేవాళ్లు. అమ్మ పొట్ట మీద కూడా ఆ మచ్చలున్నాయి, నల్లగా, అగ్గిపుల్లంత పొడవున. తర్వాత ఊళ్లోకి ఒక ఆర్ఎంపీ వచ్చి సూది వేయడం మొదలుపెట్టాక, అదే జబ్బు చేసిన పిల్లలు లేచి ఆడుకోవడం ఆమె కళ్లారా చూసింది. అట్లాంటి మనిషికి నేను ఫోన్‌లో చదివి యాంటీబయాటిక్స్ ఎక్కువైతే ప్రమాదం అని చెబితే ఎట్లా ఎక్కుతుంది? మన పెద్దవాళ్లవి మూఢనమ్మకాలు అని కొట్టిపారేస్తాం గానీ, మందు మీద వాళ్లకున్న నమ్మకం మందే లేని రోజులు చూసినందుకు వచ్చింది.

మొదటిసారి డిసెంబర్‌లో. జ్వరం, దగ్గు, ముక్కు నుంచి ఆకుపచ్చ చీమిడి. ఆ పచ్చరంగు చూసి "లోపల చీము పట్టింది" అని అమ్మ తేల్చేసింది. పిల్లల డాక్టరు చెవులు చూశారు, గొంతు చూశారు, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. రాసింది పారాసిటమాల్, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు, అంతే. చీమిడి రంగు మారడం మన తెల్లకణాలు పని చేస్తున్నాయనడానికి గుర్తు, మామూలు వైరస్ సర్దిలో కూడా నాలుగైదు రోజులకి ఆకుపచ్చగా అవుతుంది, రంగు చూసి బ్యాక్టీరియా అనుకోలేం అన్నారు. జ్వరం మూడు రోజులు దాటినా, పిల్ల పాలు తాగకపోయినా, మత్తుగా పడుకున్నా, ఊపిరి వేగం పెరిగినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, ఇది అందరికీ పనికొచ్చేది. పారాసిటమాల్ సిరప్ అన్నీ ఒకటి కావు, 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉండేవి ఉన్నాయి, 250 ఎంజీవి ఉన్నాయి, డ్రాప్స్‌లో అయితే 1 ఎంఎల్‌కే 100 ఎంజీ ఉంటుంది, కాబట్టి సీసా మారితే కొలత మారుతుంది. ఈ ముక్క మా చుట్టాల్లో చాలామందికి తెలియదు, మూత నిండా పోసేయడమే.

బయటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది. "గిదేం డాక్టరురా, ఫీజేమో నాలుగొందలు తీస్కునె, ముక్కుల చుక్కలు రాసిచ్చె."

మెడికల్ షాపులో ఇంకో సీను. చిట్టీ చూసి ఆ కుర్రాడు "అన్నా, దీంతోని తగ్గదు, సెఫిక్సిమ్ సిరప్ తీస్కపో, అందరూ ఇదే వాడుతున్నరు" అని డబ్బా తీసి గల్లా మీద పెట్టేశాడు. డబ్బా మీద ఎర్ర గీత ఎంత స్పష్టంగా ఉందో. డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని దాని అర్థం. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లైతే 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉన్నాయి, అమ్మితే డాక్టరు పేరు, పేషెంట్ పేరు వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. నేను వద్దంటే ఆ కుర్రాడు నన్ను పిసినారిని చూసినట్టు చూశాడు.

వారంలో సర్ది దానంతట అదే తగ్గింది. వామాకు రసం వల్ల తగ్గిందని అమ్మ. సరే, ఆ పేరు వామాకుకే పోనీ అనుకున్నా.

తర్వాత మేడారం. పాపకి ఎత్తు బంగారం మొక్కు ఉండె, పిల్లని కాంటా మీద కూర్చోబెట్టి అంత తూకం బెల్లం కొని తీసుకెళ్లాం. రెండేళ్లకోసారి వచ్చే జాతర, ఆ జనం, ఆ దుమ్ము, రాత్రి అడవి చలి, చెప్పక్కర్లేదు. వచ్చాక మళ్లీ ముక్కు కారడం మొదలైంది. పాత చుక్కలే వేశాం, జ్వరం తగ్గినట్టే తగ్గింది, మళ్లీ ఒక సాయంత్రం ఒక్కసారిగా ఎగబాకింది. ఈసారి పిల్ల ఆడటం లేదు. పారాసిటమాల్ వేసి ఒళ్లు చల్లబడ్డాక కూడా బొమ్మ ముట్టుకోలేదు, భుజం మీద వాలిపోయింది.

ముందు గుర్తుపట్టింది అమ్మే. "కొడుకా, పిల్ల డొక్కలెగరేస్తుందిరా, లైటు పెట్టు" అని గౌను పైకెత్తింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎగసినప్పుడల్లా లెక్కపెట్టా, 50 దాటింది. నమ్మబుద్ధి కాక మళ్లీ లెక్కపెట్టా. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి 40 ఉన్నా దాటినా అది వేగం కిందే లెక్క, పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు నిండుగా ఒక నిమిషం చూడాలి. దీనికి మిషన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, ఒక గడియారం చాలు. జ్వరం 102 ఉందా 103 ఉందా అని థర్మామీటర్ పట్టుకుని కొట్టుకుంటాం గానీ ఈ లెక్క ఎవ్వరం చేయం.

అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ, అంటే న్యుమోనియా. ఆక్సిజన్ 95 ఉంది, నీళ్లు తాగుతోంది, అందుకని అడ్మిట్ చేయక్కర్లేదు గానీ పొద్దున మళ్లీ చూపించాలన్నారు. న్యుమోకాకల్ టీకా వేయించారా అని అడిగారు. వేయించాం, 2021 నుంచి దేశమంతా సర్కారు టీకాల్లోనే ఉచితంగా వేస్తున్నారు కదా. ఆ టీకా కొన్ని రకాల న్యుమోనియాని ఆపుతుంది, అన్నిటినీ ఆపదు. న్యుమోనియా కూడా వైరస్ వల్ల రావచ్చు, కానీ ఈ స్థితిలో ఆగి చూసేది లేదు, ఇప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే అన్నారు.

"బరువెంత?" అని అడిగితే నేను నసుగుతున్నా, అమ్మ టక్కున "పది కిలోల మీద రెండొందల గ్రాములు సార్, మొన్ననే బెల్లం జోకినం" అంది. అంత టెన్షన్‌లో కూడా డాక్టరుకి నవ్వాగలేదు. అయినా కాంటా మీద పెట్టి చూశారు, పెద్ద తేడా లేదు. కిలోకి ఇన్ని ఎంజీ అని లెక్కగట్టి రాశారు. రాసింది అమాక్సిసిలిన్. మా ఆవిడ "సార్, ఇది పాత మందు కదా, ఇంకొంచెం స్ట్రాంగ్‌ది ఏమన్నా..." అని అడిగింది. "ఈ జబ్బు చేసే క్రిమికి ఇదే సరిగ్గా తగులుతుందమ్మా, పెద్ద మందులు ఇప్పుడే వాడేస్తే రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు చేతిలో ఏముంటుంది" అన్నారాయన. అదీ నిజమే. ఐసీయూలో ఆఖరికి వాడే కార్బాపెనెమ్ మందుల్ని కూడా పనిచేయకుండా చేయడానికి బ్యాక్టీరియా తయారుచేసుకునే ఎన్‌డీఎమ్-1 అనే ఎంజైమ్ పేరులో ఎన్‌డీ అంటే మన న్యూఢిల్లీయే. మనకి ఇట్లాంటి పేరూ ఉంది.

ఇంటికొచ్చి వంటగదిలో ఆ పొడి మందు కలపడం నాకు బాగా గుర్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకు పోశా, గట్టిగా ఊపితే నురగ వచ్చి, అది దిగాక చూస్తే మందు గీత కిందికి పోయింది. అడుగున పొడి ఇంకా ఉండ కట్టే ఉంది. మళ్లీ ఊపి, మళ్లీ గీత వరకు పోయాలి. ఇది సరిగ్గా చేయకపోతే మొదటి డోసు నీళ్లలా, చివరి డోసు చిక్కగా పోతుంది. సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెం పోయమన్నారు, అరగంట లోపు కక్కేస్తే మళ్లీ అదే డోసు ఇవ్వమన్నారు. మొదటి డోసు సగం నా చొక్కా మీదే ఉంది.

రెండో రోజుకి ఊపిరి నెమ్మదించింది, జ్వరం దిగింది. పిల్ల లేచి అమ్మ చేతిలో పెరుగన్నం తిని ఫోన్ కోసం ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆవిడ నవ్వింది.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. మందు వేయమని మొత్తుకున్న అమ్మే "జరం పోయింది కద, ఇంకెందుకురా ఆ మందు, పిల్ల పేగులు మాడుతయ్" అని సీసా దాచేసింది. దానికి తోడు విరేచనాలు పట్టుకున్నాయి, డైపర్ దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది, వేడి చేసిందనడానికి ఆమెకి సాక్ష్యం దొరికింది. మా ఆవిడ కూడా ఊగిసలాడింది. "అత్తమ్మ చెప్పేది కూడా ఒకసారి వినరాదు" అంది. మొదలుపెట్టడానికి తొందరే, ఆపడానికీ తొందరే. నాకు అప్పుడు అర్థమైంది, మా వాళ్ల లెక్కలో యాంటీబయాటిక్ అంటే జ్వరం దించే పెద్ద గోలీ. జ్వరం ఉంటే వేయాలి, పోతే ఆపాలి. లోపల క్రిమి ఉందా, ఎంత చచ్చింది, ఎంత మిగిలింది అన్న లెక్క అందులో లేదు. అందుకే సర్దికి కావాలంటారు, న్యుమోనియాకి సగంలో వద్దంటారు.

డాక్టరుకి ఫోన్ చేస్తే, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని కూడా మందు దెబ్బ తీస్తుంది కాబట్టి ఈ విరేచనాలు మామూలే, రక్తం పడకపోతే భయం లేదు, ఓఆర్ఎస్ తాగించండి, రాసినన్ని రోజులూ మందు ఇవ్వండి, మీ అంతట మీరు ఆపొద్దు అన్నారు. స్పీకర్ పెట్టి అమ్మకి వినిపించా. నమ్మిందో లేదో తెలియదు గానీ సీసా మాత్రం తెచ్చి ఇచ్చింది.

కోర్సు అయిపోయాక కూడా దగ్గు చాలా రోజులు సాగింది. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ "ఇంకా దగ్గు తగ్గలేదా, ఇంకో కోర్సు అడగకపోయినవా" అనే. ఊపిరి లెక్కపెట్టేవాణ్ణి, 40 లోపే ఉండేది, పిల్ల ఇల్లంతా ఉరుకుతుండేది. అంతకంటే ఏం చూడాలి? బరువు కొంచెం తగ్గి, మళ్లీ పెరిగింది.

ఈ మధ్య నర్సంపేట నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, పాపకి వాడిన సిరప్ ఫోటో పెట్టు, మావోనికి సర్దయింది." వాడికి నాలుగేళ్లు, ఊపిరి లెక్కపెట్టి చెప్పమన్నా, 30 లోపే ఉంది. ఆడుకుంటున్నాడు, తింటున్నాడు. డాక్టరుకి చూపించు, ఫోటో మాత్రం పెట్టనన్నా. "నీ బిడ్డకైతే ఇస్తవ్, నా కొడుక్కైతే వద్దా" అని ఫోన్ పెట్టేసింది. అమ్మనడిగి పేరు కనుక్కుని షాపులో కొని తాగించిందట. పిల్లాడికి సర్ది ఓ వారంలో తగ్గింది, తాగించకపోయినా తగ్గేదే. ఇప్పుడు మా చుట్టాలందరిలో ఆ సిరప్‌కి మంచి పేరు, నాకు చెడ్డ పేరు.