గ్రహీత స్ట్రింగ్ కాదు: ఆహ్వానాల మెయిలర్ పని ఎంతవరకు వచ్చింది

గుంటూరు బ్రాడీపేటలో నెలకొకసారి కలిసే మా సాహిత్య మిత్రులకు ఆహ్వానాలు పంపడం కోసం తీరిక వేళల్లో పైథాన్‌లో రాసుకుంటున్న చిన్న ప్రోగ్రాములో, ఈ విడత పనంతా గ్రహీతల చుట్టూనే తిరిగింది. ఇంతవరకు గ్రహీతల జాబితా అంటే కామాలతో కలిపిన ఒక పొడవాటి స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. మన పేర్ల ముందు అది నిలవదు. మా సభ్యులలో విశ్రాంత ఉపాధ్యాయులు ఎక్కువ. పేరు పక్కన ‘ఎం.ఏ., బి.ఇడి.’ అని రాసుకోవడం వారి అలవాటు. కామా కనబడిన చోటల్లా స్ట్రింగును తెంపే కోడు చేతిలో పడితే, మాస్టారి పేరు చిరునామా లేకుండా ఒకవైపు మిగిలిపోతుంది, ఆయన చిరునామా ‘బి.ఇడి.’ అనే పేరుతో మరొకవైపు తేలుతుంది. కామా ఉన్న పేరును జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలని 2008లో వచ్చిన ఈమెయిల్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5322 చెబుతుంది గనుక, ఆ బాధ్యతను ఇప్పుడు ఒకే ఒక ఫంక్షనుకు అప్పగించాను. ప్రోగ్రాములో మరెక్కడా పేరును, చిరునామాను అతికించే కోడు లేదు.

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఈమెయిల్ హెడర్ల (ఎవరి నుంచి, ఎవరికి అని మెయిల్ పైభాగంలో ఉండే వరుసల) కోసం అడ్రస్ అనే క్లాసు ఉంది. అది పేరును కూడా కలిపి పోల్చుతుంది. అంటే ఒకే చిరునామాను రెండు రకాల పేర్లతో నమోదు చేస్తే అవి రెండు వేర్వేరు విలువలవుతాయి. పైగా దానికి హ్యాష్ (విలువను వెతకడానికి వాడే సంఖ్య) లేదు కనుక, ఒకే విలువను రెండుసార్లు ఉంచుకోని సెట్‌లో వేయడం కుదరదు. అందువల్ల, మార్పుకు వీలులేని డేటాక్లాసులు, అంటే విలువలను పట్టి ఉంచే టైపులు, రెండు సొంతంగా రాసుకున్నాను. మొదటిది చిరునామా: ఎట్ గుర్తుకు ముందు భాగం 64 బైట్లకు, డొమైన్ 255 బైట్లకు మించితే ఆ విలువ అసలు పుట్టదు. రెండవది గ్రహీత: ఒక పేరు, ఒక చిరునామా. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే మెయిల్ ఉన్న ఇళ్లు మా జాబితాలో ఉన్నందున ఈ రెండింటినీ వేరు చేయక తప్పలేదు. సంబోధనలో ఇద్దరి పేర్లూ ఉండాలి, మెయిల్ మాత్రం ఒక్కటే వెళ్లాలి.

చిన్న పెద్ద అక్షరాల సంగతి కొంత ఇబ్బందికరమైనది. డొమైన్‌లో ఆ తేడా లెక్కలోకి రాదు, ముందు భాగంలో మాత్రం రావచ్చునని ప్రమాణం అనుమతిస్తుంది. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేస్తుంది గనుక, పోల్చేటప్పుడు అన్నీ చిన్నవిగా మార్చి, పంపేటప్పుడు సభ్యులు ఇచ్చిన రూపాన్నే పంపుతున్నాను.

టు (నేరుగా), సీసీ (ప్రతి), బీసీసీ (ఇతరులకు కనబడని ప్రతి) అనే పాత్రను గ్రహీత టైపులో పెట్టలేదు, ఎందుకంటే అది మనిషి లక్షణం కాదు, ఆ ఒక్క మెయిల్‌కు సంబంధించినది. ఈ నెల వక్తగా టులో ఉన్నవారు వచ్చే నెల శ్రోతగా బీసీసీలో ఉంటారు. కాబట్టి సందేశం అనే టైపులో మూడు జాబితాలు ఉన్నాయి. వాటి నుంచి కవరు మీది చిరునామాల సెట్‌ను విడిగా లెక్కిస్తున్నాను. శుభలేఖ లోపల ఏమి అచ్చయినా పోస్ట్‌మ్యాన్ చూసేది కవరునే గదా. మెయిల్‌ను చేరవేసే ఎస్‌ఎమ్‌టీపీ సర్వరు కూడా హెడర్‌ను చూసి కాక, మనం ‘ఆర్‌సీపీటీ టు’ ఆదేశంతో ఇచ్చిన చిరునామాలను బట్టే బట్వాడా చేస్తుంది. బీసీసీ గుట్టు నిలిచేది ఈ విభజన వల్లనే. ఒక్కో లావాదేవీలో కనీసం 100 మంది గ్రహీతలను సర్వర్లు స్వీకరించగలగాలని ఆర్‌ఎఫ్‌సీ 5321 నిర్దేశించినా, నేను యాభై చొప్పున విడగొడుతున్నాను.

తెలుగు పేర్లను హెడర్‌లో పెట్టడానికి 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతినే వాడుతున్నాను. అందులో సంకేతీకరించిన ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటరాదు. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి), బేస్64 (బైట్లను ఇంగ్లీషు అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతి) గుర్తులకే 12 పోగా మిగిలిన 63లో 45 బైట్ల పాఠం పడుతుంది. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింటుకు (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు వంటి ఒక్కో యూనికోడ్ గుర్తుకు) 3 బైట్లు కావడంతో అది 15 కోడ్‌పాయింట్లు. ‘లక్ష్మి’ ఒక్కటే 7 తీసుకుంటుంది. ఇంటిపేరుతో సహా రాస్తే రెండు మూడు ముక్కలు కావడం మామూలే, అయితే కోడ్‌పాయింటు మధ్యలో తెగకూడదు. ఆ విభజనను లైబ్రరీకే వదిలేసి, ఒత్తులు ఎక్కువగా ఉన్న పేర్లతో పరీక్షలు మాత్రం రాశాను. అన్నీ సరిగానే తిరిగి వచ్చాయి.

ఎట్ గుర్తుకు ముందు భాగం కూడా తెలుగులో ఉన్న చిరునామాలను చిరునామా టైపు ప్రస్తుతం తిరస్కరిస్తుంది. 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6531 వాటిని అనుమతిస్తుంది కానీ, అలాంటి చిరునామాలను స్వీకరించగలనని చెప్పే ఎస్‌ఎమ్‌టీపీయూటీఎఫ్8 సామర్థ్యాన్ని ఎదుటి సర్వరు ప్రకటించాలి. అది పంపే క్షణంలో గాని తెలియదు కనుక, వాటికి వేరే టైపు రాయడం వచ్చే విడత పని.